ఏడు సెకన్లు

మొదటిరోజు ఎవరికీ తాళం చెవి ఇవ్వను.
బండిని నేనే పక్కకు వాలుస్తాను, మెల్లగా,
పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.
లేపమంటాను.

హిరొసాకిలో మా మైదానం వెనకంతా ఆపిల్ తోటలే.
ఆ ఏడాది వచ్చినవాళ్లు
మీసాలింకా రాని కుర్రాళ్లు ముగ్గురు,
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సు,
వరస చివర కినుయె. యాభై ఎనిమిదేళ్లు.

కుర్రాళ్లు జబ్బల బలంతో లాగారు. బండి కదల్లేదు.
ఆవిడ దాని చుట్టూ ఒకసారి నడిచొచ్చింది.
మోకాళ్లు వంచి, హ్యాండిల్‌ని పొట్టకు హత్తుకుని,
నేలను కిందికి తోస్తున్నట్టు లేచింది.
రెండువందల కిలోలు ఆవిడ వెంట లేచొచ్చాయి.
"ముప్పై ఏళ్లు ఆపిల్ పెట్టెలు మోశానండీ,"
తప్పు ఒప్పుకుంటున్నట్టు అంది.

బరువు తెలిసిన మనిషికి నెమ్మది తెలియలేదు.

మా దగ్గరొక పలక ఉంది.
జానెడు మీద నాలుగు వేళ్ల వెడల్పు,
మూడు వేళ్ల ఎత్తు, పదిహేను మీటర్ల పొడుగు.
దాన్ని దాటడానికి ఏడు సెకన్లు పట్టాలి,
తక్కువ పడితే మార్కులు పోతాయి.
అవును, తక్కువ పడితే.
ఉరికి దాటడం ఎవడికైనా వచ్చు.
పరుగెత్తి పాలు తాగొచ్చినవాణ్ణి
నిలబడి నీళ్లు తాగమంటే తెలుస్తుంది.

కినుయె నాలుగు సెకన్లలో దాటేసేది,
లేదంటే మూడో సెకనుకే కిందికి జారేది.
ముందు చక్రాన్నే చూసేది మరి,
పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని చూసినట్టు.
"చక్రం ఎక్కడికీ పోదు. దూరం చూడండి.
అదిగో, తోటలో ఆ నిచ్చెన."
"దానికి మూడే కాళ్లండీ."
"సరే, ఆ మూడుకాళ్లదాన్నే చూడండి.
చూపు ఎటు పోతే బండి అటు."

ఒక మధ్యాహ్నం వాన.
తడి రోడ్డు మీద బ్రేకులు నేర్పడానికి మంచి వాన,
కానీ మరీ ఎక్కువైంది. రేకుల కింద నిలబడ్డాం
వేడి కాఫీ డబ్బాలు అరచేతుల్లో దొర్లించుకుంటూ.
"మికామి గారూ, మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో
ఎంతమంది పోయారు?"

ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు.
ఇద్దరు, అన్నాను. నాకు తెలిసి.
అందులో ఒకడు ఈ పలక మీద
పన్నెండు సెకన్లు నిలిచినవాడు.
"మరి ఇదంతా దేనికి?"

రేకుల మీద వాన చప్పుడే జవాబైతే బాగుండేది.
నేర్చుకెళ్లిన వాళ్లెవరూ తిరిగిరారు;
రాకపోవడాన్నే క్షేమసమాచారం అనుకుంటాను.
ఆ మాట ఆవిడతో అనలేదు.

వాన సన్నబడింది. ఆవిడే ముందు లేచింది.
హెల్మెట్ పట్టీ బిగించుకుని
గడ్డం కింద వేలు దూర్చి చూసుకుంది,
నేను చెప్పినట్టే.

పరీక్షనాడు ఏడు పాయింట్ మూడు.
ఆ ఆనందంలో స్టాండు వేయకుండా దిగబోయింది,
బెంచీ మీంచి నర్సు పెట్టిన కేకకి
మైదానమంతా ఉలిక్కిపడింది.

నవంబరు. ఇంకో వారంలో మంచు పడుతుంది.
ఊరి బయట రైల్వే గేటు దగ్గర
నా కారు ముందొక నీలం బండి.
గేటు ఎత్తే ఉంది. దీపం వెలగలేదు.
ఒక్క పెట్టె రైలుకి ఇంకా అరగంట.
అయినా బండి ఆగింది. ఎడమకాలు నేలకానింది.
కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది,
అద్దం పైకెత్తి చెవి ఒగ్గి వింది.

అప్పుడు గుర్తుపట్టాను.
ఆవిడ కూడా నన్ను చూసే ఉంటుంది,
పక్కద్దం వైపు తల రవ్వంత తిరిగింది.
చెయ్యి ఊపలేదు.
రెండు చేతులూ హ్యాండిల్ మీదే.
పట్టాలు దాటి, గేరు మార్చి,
తోటల మలుపులో కనుమరుగైంది.

వెనక ఎవరో హారన్ కొట్టారు.
నేనింకా అక్కడే ఆగి ఉన్నాను.