వేలు విడిచిన చుట్టాలు

వలలాగే యంత్రం నా రెండు వేళ్ళు తీసుకున్న రోజు
సముద్రం ఏమీ ఎరగనట్టే ఉంది.
చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు.
పైకొచ్చిన కాడ్ చేపల లెక్క మాత్రం
ఆ సాయంత్రం రేవులో సరిగ్గానే తేలింది.

క్లాక్స్‌విక్ చిన్న ఊరు.
అయిదు వేళ్ళూ సమానంగా ఉంటాయా
అని నీతి చెప్పబోయిన పాదిరీగారు
మధ్యలో నాలిక కరుచుకున్నారు.
నేను నవ్వాను.
చెయ్యి మాత్రం అప్పటికే
జేబులో కాపురం పెట్టేసింది.

మా అక్క మార్జున్ మాటల మనిషి కాదు.
ఆ చలికాలం బూడిదరంగు ఉన్ని తెచ్చి
మూడు వేళ్ళ చేతితొడుగు అల్లింది.
అయిదు వేళ్ళది అల్లి రెండు మడిచి కుట్టెయ్యలేదు.
మొదటి ముడి నుంచీ
మూడింటికే పుట్టిన తొడుగు.

ఇరవై ఏడో వరసలో కెటిల్ పొంగింది.
లేచి దింపి వచ్చేసరికి
ఒక కుట్టు జారి, మణికట్టు దగ్గర చిన్న బొడిపె.
"విప్పి మళ్ళీ అల్లకూడదూ" అన్నాను.
"నీ చెయ్యి విప్పి మళ్ళీ అల్లారా ఎవరైనా?" అంది.
తన ఓదార్పు మొత్తం అంతే.

నేను తొడుక్కోలేదు.
తొడుక్కుంటే ఒప్పుకున్నట్టవుతుందని.

అలిగిందో లేదో నాకు తెలీదు.
తొడుగుని బల్లమీద పరిచి, వేలితో కుట్లు లెక్కపెట్టి,
ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో
బొడిపెతో సహా రాసి నెట్‌లో పెట్టింది.
కింద ఒకటే మాట: తమ్ముడి చేతికి.
కంప్యూటర్ మూసి
గొర్రెలకి గడ్డి వెయ్యటానికి పోయింది.

రెండేళ్ళు గాలీ, వానా, అప్పుడప్పుడూ ఎండా.

తర్వాత ఎస్తోనియా నుంచి ఒక ఫొటో.
రంపపుమిల్లు లెంబిట్, చేతిలో కాఫీ కప్పు.
ఆ తర్వాత ఒరూరో తగరపు గనుల నుంచి సెనోబియో.
మందుగుండు ఒక క్షణం ముందు పేలిందట.
వాళ్ళావిడ లామా ఉన్నితో అల్లింది,
గులాబీ, నారింజ, పచ్చ:
దాచుకోవటానికి వీల్లేని రంగులు.
హాలిఫాక్స్ నుంచి ఒకామె ఉత్త తొడుగు ఫొటో పంపింది.
ఆయన పోయాక పూర్తయిందట.
ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమంది.
అక్క ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి
జవాబు రాయలేకపోయింది.

హొక్కైడోలో చిజురు, తొమ్మిదేళ్ళది.
దానికి పోయిన వేళ్ళంటూ లేవు, పుట్టుకే మూడు.
మంచుముద్ద పట్టుకుని పళ్ళు బయటపెట్టి నవ్వుతోంది.
వాళ్ళమ్మ రాసింది:
ఇన్నాళ్ళూ కత్తిరించినవే తొడిగాం,
ఇది మాత్రం నాదేనంటోంది.

అన్ని మణికట్ల మీదా అదే బొడిపె.
ఇరవై ఏడో వరస మీ దీవుల ఆచారమా
అని లెంబిట్ అడిగాడు.
అక్క చాలాసేపు ఆలోచించి
"కెటిల్" అని కొట్టింది.
దాని అర్థమేమిటో
ఎస్తోనియా ఇంకా వెతుకుతూనే ఉంది.

వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే మా బంధువులు.
అమ్మానాన్నా పోయాక, నా వేళ్ళు కూడా తగ్గాక,
ఆ లెక్క నాకు సరిపోయిందనే అనుకున్నాను.
నిన్న రాత్రి తెర ముందు కూర్చుని
నూట అరవై రెండు దాకా వచ్చి ఆపేశాను.
అందరూ వేలు విడిచిన చుట్టాలే,
ఆ మాటకి ఉన్న రెండో అర్థంలో కూడా.

పొద్దున సొరుగు తీశాను.
పురుగు ముట్టలేదు, అక్క కర్పూరం వేసి ఉంచింది.
తొడుక్కున్నాను.
కాస్త బిగుతు, ఉన్న మూడూ లావెక్కాయి.
బొడిపె సరిగ్గా నాడి మీద కూర్చుంది.

వంటింట్లోకి వెళ్తే
అక్క చూసీ చూడనట్టు పొయ్యి మీద కెటిల్ పెట్టింది.
ఈసారి అది కాగేదాకా
పక్కనే నిలబడింది.