ఏడు మీద గీత

బడి పిల్లల కుర్చీలు మరీ పొట్టివి.
పొద్దున ఏడింటి నుంచి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం
నేనూ, జాబితా చూసే డెర్వలా.
గోడ మీద ఎవడో పిల్లాడు గీసిన తిమింగలం,
దాని కింద మూడు చెక్క అరలు,
అరకొకటి దారంతో కట్టిన పెన్సిలు.
మా ఊళ్ళో ఓటు పెన్సిలుతోనే రాస్తాం.
చెరిపేస్తారన్న భయం మాకింకా రాలేదు.

మధ్యాహ్నం దాకా వాన.
వచ్చినవాళ్ళంతా ముందు వాన సంగతి చెప్పి
తర్వాత పేరు చెప్పారు.
మా మేనత్త కూడా చెప్పింది తన పేరు,
అక్షరం అక్షరం విడదీసి,
నన్నెప్పుడూ చూడనట్టు.

నాలుగున్నరకి వచ్చిందామె
సముద్రం ఒడ్డు హోటల్ నుంచి నడిచి.
హోటలంటే ఇప్పుడు హోటలు కాదు,
ఆశ్రయం అడిగినవాళ్ళని గదికి నలుగురు చొప్పున ఉంచిన చోటు.
అక్కడికీ ఊరికీ మధ్య రెండు మైళ్ళు,
దీపం లేదు, కాలిబాట లేదు,
కారొస్తే ముళ్ళపొదలోకి ఒదగాలి.
ఆ రోడ్డంతా ఆమె బూట్లకి అంటుకునే ఉంది.

"ఎతేరి గొగొలాద్జె."
డెర్వలా స్కేలు పేర్ల మీద జారి జారి ఆగింది.
మా జాబితాలో ఇంటిపేరుకి ఒక అక్షరం తక్కువ.
"ఇది మీరేనా?"
వంగి చూసింది. చాలాసేపు చూసింది.
"దగ్గరగా ఉంది," అంది.

ఫిబ్రవరిలో, లైబ్రరీలో, ఆ ఫారం నింపించింది నేనే.
చిరునామా దగ్గర పెన్ను ఆగిపోయింది.
"పద్నాలుగో గది అని రాయొచ్చా? రేపు మార్చేస్తే?"
రేపటికి గడి లేదు ఫారంలో, అన్నాను.
తన దేశం పేరు రాసి
ఇక కొట్టేస్తారనుకుని నా మొహంలోకి చూసింది.
కౌన్సిలు ఎన్నికకి ఐర్లండులో ఉంటే చాలమ్మా, అన్నాను.
ఉంటే చాలు.
ఆ మాట రెండోసారి చెప్పించుకుంది.
సంతకానికి పోలీసు స్టేషనుకి వెళ్ళాలనేసరికి మాత్రం
వారం పాటు కనబడలేదు.

తొమ్మిది ఫొటోలు, తొమ్మిది గళ్ళు.
నచ్చిన మనిషికి ఒకటి, ఆ తర్వాత రెండు, మూడు,
ఓపిక ఉన్నంతవరకు.
కాగితం అందుకుని, చూపుడువేలు చాచింది.
వాళ్ళ ఊళ్ళో కనబడని సిరా పెట్టి
నీలిదీపం కింద చూస్తారట.
ఇక్కడ ఏమీ పెట్టరు.
చిన్నబోయి వెనక్కి తీసుకుంది, ఉత్త వేలు.

అరలో పదకొండు నిమిషాలు.
వెనక పాలలారీ డ్రైవరు ఒకసారి గొంతు సవరించి
తనే సిగ్గుపడి తిమింగలాన్ని చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు లెక్క, వ్యాయామశాలలో.
హోటలు రోడ్డుకి దీపాలన్న ఒకే ఒక్క మనిషి
నాలుగో విడతలో పడిపోయింది.
మా లెక్కలో ఓడినవాళ్ళ కాగితాలు చావవు,
రెండో అంకె ఎవరికుంటే వాళ్ళ దగ్గరికి నడుస్తాయి.
నా కట్టలో ఒకటొచ్చింది,
తొమ్మిది గళ్ళూ నిండి,
ఏడుకి నడుం మీద అడ్డగీతతో.
ఈ ఊళ్ళో ఏడుకి నడికట్టు కట్టేవాళ్ళు లేరు.
చూడకూడదు.
చూశాను.
రెండు ఎవరికుందో చెప్పను.
సరైన దొంతరలో పెట్టాను, అంతే,
మిగతావాటికన్నా మెల్లగా పెట్టానేమో.

మొన్న లైబ్రరీకి వచ్చింది, అదే బూట్లు.
"నా కాగితం ఎంతదూరం వెళ్ళింది?"
నాలుక చివర దాకా వచ్చిన జవాబుని మింగి
బల్ల సొరుగు లాగాను.
పేరు సవరించే ఫారం.
కుర్చీ దగ్గరికి జరుపుకుని
మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది,
పెన్నుతో, గట్టిగా నొక్కి,
కింది కాగితం మీద కూడా పడేలా.