ముగ్గురికి ఎంత ఉప్పు

పదకొండేండ్లు
ఇరవై రెండు మందికి వండిన చెయ్యి ఇది.
క్యాంపుల బగోనె దించాలంటే ఇద్దరం పట్టేది,
ఉప్పు దోసిలితోని ఏసేది,
ఎవనికీ ఎక్కువ కాలె, తక్కువ కాలె.

ఇయ్యాల ముగ్గురికి వండాలె.

స్వరూప, బిడ్డ లాస్య
నెల రోజుల వీసా మీద వచ్చిండ్రు.
ముహర్రఖ్‌ల ఒక దోస్తు గది అడుక్కున్న.
కిటికీ తీస్తే ఎదురింటి గోడ,
గోడ మీద ఆరేసిన ఎవరిదో తెల్ల తోబు.

పొద్దుగాల్నే బుదయ్య తోటలకు పోయిన.
మహదీ ముసలాయన బురద కాళ్ళతోనే లేచి
ఎర్రకాడల ఆకు ఒక కట్ట చేతుల పెట్టి
"బర్బీర్" అన్నడు.
"గంగవాయిలి" అన్న నేను.
ఇద్దరం ఒకటే ఆకును చూసుకుంట
కొంచెం సేపు నవ్వినం.
పగిలిన టమాటలు పైసల్లేకుండ ఇచ్చిండు.

చేపల బజార్ల సాఫీలు, అరచెయ్యంత.
రెక్క ముల్లు గుచ్చితే రాత్రంతా సలుపుతదని
బెంగాలీ పిలగాడు కత్తెరతోని కత్తిరించి ఇచ్చిండు.

చింతపండు ఇంట్ల గూట్లెనే మర్చి వచ్చింది స్వరూప.
"మూడుసార్లు యాది చేసుకున్న" అని
మొకం చిన్నగ చేసుకుంది.
ఏం కాదన్న.
ఎండి నల్లగైన నిమ్మకాయలు, లూమీలు, రెండు తీసిన.
ఊపితే లోపల గింజలు గలగలమంటయి.
లాస్య ఒకటి చెవి దగ్గర పెట్టుకొని విన్నది.
నాతోని మాట్లాడలె గని
దానితోని ఏదో మెల్లగ మాట్లాడింది.

పప్పు ఉడుకుతుంటె
బియ్యం డబ్బా ముంగట నిలబడ్డ.
గిద్దెనా, సోలెడా?
లెక్క తప్పిన మేస్త్రి లెక్క.
దోసిలి దానంతటదే నిండింది, మళ్ళా నిండింది.
ఉప్పు కాడికి వచ్చేసరికి
స్వరూప నా ఏళ్ళు ఒక్కొక్కటే విప్పి
రెండేళ్ళ నడుమ చిటికెడు మిగిలిచ్చింది.
ఏం తిన్నవని ఫోన్ల రోజూ అడిగేది,
ఎట్ల వండుతవో
ఎన్నడూ అడగలె.

పేపరు పరిచి కూసున్నం.
గంజు నిండ అన్నం, పొగలు.
గంటె పెడితే మునిగేటంత పులుసు.
ముల్లు తీసి తీసి బిడ్డ పల్లెంల పెట్టిన, తిన్నది.
మూడోసారి పల్లెం తనే ముందుకు జరిపింది.
గంగవాయిలి పప్పు
మా అమ్మ చేసినట్టు కాలె,
ఉప్పు కూడ జర తక్కువైంది.
ఎవ్వరం అనలె.

లాస్య గంజులకు తొంగి చూసి
నాతోని మొదటిమాట మాట్లాడింది.
"ఇంకెవలు వస్తరు?"

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నేను క్యాంపుకు ఫోను కలిపిన.
రాజలింగు ఎత్తిండు.
"ఏం తింటుండ్రు?"
"నువ్వు లేవు గదనే, బ్రెడ్డు."
"టిఫిన్లు పట్టుకొని రాండ్రి,
పల్లాలు లేవిక్కడ."

వాళ్ళు వచ్చేదాక
బిడ్డ తలుపుకాడ కూసోని
పులుసుల ఉడికి మెత్తబడ్డ లూమీని
చెవి దగ్గర పెట్టుకొని ఊపుతనే ఉంది.
అదేం మాట్లాడ్తలేదు.
మెడ మీదికెళ్ళి పులుసు కారుతుంది.