చలికాలంలో నమ్మొద్దు

నూట పన్నెండు హెచ్చరికలు.
తప్పులు కావు. తప్పయితే కంపైలర్ దారికడ్డంగా పడుకునేది.
ఇవి పక్కకి జరిగి, గొంతు సవరించుకుని
"చూసుకో మరి" అని ఊరుకునే రకం.
పద్నాలుగేళ్లుగా ఎవరూ చూసుకోలేదు.

మారిబోర్‌కి ఎగువన, ద్రావా మీద ఆనకట్ట.
అక్కడి గదిలో అరచేతిలో పట్టే కార్డొకటి
నీటిమట్టం, తలుపుల ఎత్తు, గాలి వేడి చదువుతుంది.
దానికీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ ఈ డ్రైవర్.
రాసినవాడు బోగొమిర్.
రిటైరై కొండ మీద తేనెటీగల్ని పెంచుతున్నాడు.

మొదటిది తెరిచాను:
ఈ సంఖ్య చిన్న కొస ముందు పెట్టుకుని వచ్చింది,
నువ్వు మామూలు సంఖ్యనుకుని పట్టుకున్నావు.

నిజమే. కానీ మా యంత్రాలన్నీ చిన్నకొసవే.
తప్పుగా పట్టుకున్నా ఒప్పే అవుతుంది,
గడప దాటనంత కాలం.

మా ఇంట్లో అద్దెకుండే బ్లాగోయాది మాసిడోనియా.
పులియబెట్టడానికి క్యాబేజీ బస్తా కొనబోయాడు.
ముప్పై నాలుగుని మా వాళ్లు "నాలుగూ ముప్పై" అంటారు,
ఒకట్లు ముందు, పదులు వెనక.
వాళ్ల భాషలో పదులే ముందు.
విన్నది విన్న వరసలో పేర్చుకుని
నలభై మూడు యూరోలు లెక్కపెట్టాడు.
అంగడావిడ తొమ్మిది వెనక్కిచ్చి, చీటీ మీద అంకెలు గీసి చూపింది.
అప్పట్నుంచీ చీటీ చూడందే పర్సు తియ్యడు.

ఆ చీటీ పేరే టైపు.

నోరు మూయించడం సులువే.
సంఖ్య ముందు ఒక్క మాట తగిలిస్తే చాలు,
"నాకు తెలుసులే" అని దానర్థం.
బోగొమిర్ ఆరుచోట్ల తగిలించాడు.
నేనూ మంగళవారం సాయంత్రం, ఆకలి మీద, రెండు తగిలించాను.
బుధవారం పొద్దున్నే సిగ్గుపడి తీసేశాను.

నాలుగు రోజులు.
పరికరం వాకిలిని మామూలు జ్ఞాపకంలా తొక్కినచోటల్లా
వాకిలి అని రాశాను.
కొస తిప్పాల్సినచోట తిప్పాను.
ఒకచోట రెండుసార్లు తిప్పి ఉంది, బొక్కబోర్లా పడి మళ్లీ లేచినట్టు.
ప్రతి మార్పు కిందా అదే వాక్యం:
నడకలో తేడా ఏమీ రాదు.

తొంభై ఏడోది గాలి వేడి.
దాని నెత్తిన బోగొమిర్ వ్యాఖ్య:
"చలికాలంలో ఈ సెన్సర్ని నమ్మొద్దు."
కింద ఒక షరతు: అరవై దాటితే పారెయ్యి.

హెచ్చరిక మాత్రం సెన్సర్ ఊసే ఎత్తలేదు.
గుర్తున్న సంఖ్యని గుర్తులేని పెట్టెలో పోస్తున్నావంది.
కాగితం మీద వేసి చూశాను.
సున్నాకి ఒక్క మెట్టు దిగితే, మైనస్ ఒకటి,
ఆ పెట్టెలో అరవై అయిదువేల అయిదువందల ముప్పై అయిదు డిగ్రీలు.
నది కాదు, ఇనుమే ఆవిరయ్యే వేడి.

పద్నాలుగు చలికాలాలు
సెన్సర్ నిజం చెబుతూనే ఉంది.
మేం పారేస్తూనే ఉన్నాం.

బోగొమిర్‌కి ఫోన్ చేశాను.
తేనెపెట్టెలకి గడ్డి కప్పుతున్నాట్ట, వగరుస్తున్నాడు.
చెప్పింది విని చాలాసేపు మాట్లాడలేదు.
"మూడుసార్లు మార్పించాను దాన్ని," అన్నాడు.
"మూడోసారి తెచ్చిన కుర్రాణ్ని తిట్టాను కూడా."

ఒక్క అక్షరం మార్చాను. షరతు తీసేశాను.
కింద ఆ వాక్యం అలవాటుగా రాసి
కొట్టేశాను.

ఇంకా పదిహేను మిగిలాయి.
ఆ రాత్రి తెర మీద మైనస్ ఏడు.
కాపలా లుద్విక్ టీ కప్పుతో వచ్చి
కిటికీ బయటి పాదరసాన్ని చూశాడు, తెరని చూశాడు,
"దీనికిప్పుడు తెలిసిందా, చలని?" అన్నాడు.