సబీనాకి మిషను

శనివారం షట్టరు సగం దించాక వచ్చాడు ఉర్బెస్,
తడి కంబళిలో చుట్టిన చెట్టుని
దొంగిలించిన గొర్రెపిల్లలా చంకన పెట్టుకుని.
"మిషను కావాలి ఎవులాలియా.
ఎంచుకునేది నేను కాదు, ఇది"
అంటూ నా బల్ల మీది మేకుల డబ్బాలు పక్కకి నెట్టాడు.

హాకాలో ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసిన మనిషి.
సగం ఊరు ఆయన పళ్ళతోనే నవ్వుతుంది,
ఆయన్ని చూసి కూడా.

చెట్టు సబీనా. పిరనీస్ గాలి మెలిపెట్టి వదిలిన జునిపర్.
ఒక పక్క వేలెడు వెడల్పున ప్రాణం
ఎర్రటి బెరడు కింద పైకి పాకుతోంది.
మిగిలిందంతా ఎముక.

ముందు యాంగిల్ గ్రైండర్ ఇచ్చాను, గొలుసు పళ్ళ చక్రంతో.
చెట్టుకి జానెడు దూరంలో తిప్పి, ఆపేశాడు.
"ఇది ఆకలి మీదుంది. మొద్దులకి పెట్టు."

డై గ్రైండర్ నచ్చింది.
ముడి దగ్గర ఎగిరిపడేదాకా.
ప్రాణానికి రెండు నూళ్ళ ఎడంలో.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం, చెట్టు సంగతి తెలీదు.

చేతి తొడుగులు ఇవ్వబోతే కసిరాడు:
తిరిగేదాని దగ్గర గుడ్డ ఏమిటి,
మా కుర్రాడి చూపుడువేలు ఏమైందో అడుగు!
ఇనుప బ్రష్ వద్దు, తీగలు విరిగి లోపల తుప్పు పడతాయి.
నైలాన్‌ది తే. కళ్ళద్దాలు తే. నీ మూతికీ ఏదైనా కట్టుకో.

చివరికి వంగే గొట్టం ఉన్న చిన్న మిషను.
పెన్నులా పట్టుకున్నాడు.
అప్పుడు చూశాను ఆ చేతులు
అరవై ఎనిమిదేళ్ళవి కావని.

పుచ్చు తోడుతుంటే టిక్కుమంది. నిప్పురవ్వ.
బిట్టు పన్నొకటి ఎగిరి నా కాఫీలో పడింది.
టార్చి వేశాం:
రెండు కాళ్ళ కంచె మేకు.
ఎవడో కాపరి ఎప్పుడో ఈ చెట్టునే గుంజ చేసుకున్నాడు.
అది మేకుని మింగి,
దాని చుట్టూ చచ్చిపోయి,
మిగతా పక్క బతికింది.

పటకారు తీశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.
"పీకేది డాక్టరు.
నేను ఎప్పుడూ ఉన్నదాని చుట్టూ పనిచేసినవాణ్ణే."

మిషనుకి డబ్బిచ్చాడు, విరిగిన బిట్టుకీ ఇచ్చాడు,
అంత రభస చేసిన నైలాన్ బ్రష్ మర్చిపోయాడు.
వచ్చేవారం సున్నపు గంధకం పూస్తాడట;
పెరడంతా కుళ్ళిన గుడ్ల కంపు, ఆనక ఎముకంత తెలుపు.
మేకు చుట్టూ మాత్రం నలుపు దిగుతుందట.
దిగనీ, అన్నాడు.

సోమవారం బోల్టుల కోసం వచ్చిన నున్యో
గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు:
"ఇక్కడ పెన్సిళ్ళు చెక్కిందెవరు?"
బోల్టులు తూస్తున్నాను.
పొట్టు ఇంకా ఊడవలేదు.