మేడ గాదు, మెడ

సిరోంచ బస్టాండుకు ఎదురుగా నా జెరాక్స్ దుకాణం.
ఆధార్ కార్డులు, సాత్‌బారా నకళ్లు,
పదో తరగతి మార్కుల కాయితాలు.
మొండయ్య తాత తెచ్చినవి మాత్రం
ఏ ఆఫీసుకూ పోనివి.

జాడి మొండయ్య, రిటైరైన పోస్టుమ్యాన్.
ప్రాణహిత మీద వంతెన లేని రోజుల్లో
సంచి నెత్తిన పెట్టుకుని నాటుపడవలో దాటినవాడు.
ఇప్పుడు ఆ సంచిలో పదకొండు నోటుబుక్కులు.
ఎడమ పేజీలో పాళీ మాట,
దాని కింద పెన్సిల్‌తో మరాఠీ అర్థం,
కుడి పేజీలో తెలుగు:
కొట్టేసి, రాసి, మళ్లీ కొట్టేసి.

"టైపు చెయ్ బిడ్డా, మరాఠీ అక్షరాల్ల."
తెలుగు మాటలకు మరాఠీ అక్షరాలా తాతా?
"ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ.
మన పోరగాండ్లకు నోరొకటి, కండ్లొకటి.
నేనేం జెయ్యాలె?"
నిజమే. నాకు ఈ అక్షరాలు నేర్పింది బడి కాదు,
చెన్నూరు నుంచి కోడలుగా వచ్చిన మా వదిన.

మూడు నెలలు ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు.
దుఃఖం అని రాసి, పక్కన ప్రశ్నార్థకం.
వైశాఖంలో తునికాకు కల్లం కాడ
పెంటుబాయికి చదివి వినిపించాడు.
ఆమె చేతులు ఆగలేదు. ఆకు మీద ఆకు, కట్టకు డెబ్బై.
"దుక్కమంటె ఏడ్సుడు గద అన్నా,
పీనుగెల్లిన ఇంట్ల జేసేది.
మరి ఏడువనప్పుడు గూడ లోపల ఒకటుంటది సూడు,
కడుపు నిండినా పక్క మీద పొర్లిచ్చేది.
దాన్నేమంటరు నీ పుస్తకంల?"
"నువ్వేమంటవు?"
"తండ్లాట."

ఆ రాత్రే వచ్చి నా షట్టరు కొట్టాడు.
మార్చు, అన్ని చోట్లా మార్చు.
నలభై ఏడు చోట్ల.

తృష్ణ పోయి దూప వచ్చింది.
మే నెల ఎండలో కల్లంలో నిలబడ్డవాళ్లకు
దాని గురించి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.
నిర్వాణం దగ్గర మాత్రం జంకాడు.
వారం తిరిగాక 'సల్లవడుడు' అని రాసి
కళ్లద్దాలు తీసి ఊరికే తుడుచుకుంటూ కూర్చున్నాడు.
పొయ్యి సల్లవడ్డట్టు. జరం సల్లవడ్డట్టు.
మా నాయనమ్మ పోయే ముందు
నా నెత్తిన చెయ్యిపెట్టి "సల్లగుండు" అన్నది.
ఏమిచ్చి పోయిందో
టైపు చేస్తుంటే తెలిసింది.

నాగపూరు నుంచి ఒక పండితుడు
పవిత్రమైన మాటలు పాడుచేస్తున్నావని ఉత్తరం రాశాడు.
తాత పోస్టుమ్యాన్ కదా,
ముట్టినట్టు సంతకం పెట్టి దాచుకున్నాడు.

రెండు వందల కాపీలు, స్పైరల్ బైండింగు.
ఒక తప్పు మిగిలిపోయింది. నాది కాదు, అక్షరాలది.
మరాఠీ రాతలో ఎ లేదు, ఒ లేదు.
పొట్టిగా పలికే మాటలన్నీ పొడుగై పడ్డాయి.
ఆషాఢ పున్నమి నాడు విహారంలో
ఆరో తరగతి శీలరత్న నిలబడి గట్టిగా చదివాడు:
"మేడ మీద కాడి మోసే ఏద్దు..."
పిల్లలు పకపకా నవ్వారు.
పెంటుబాయి లేచి వచ్చింది.
"మేడ గాదు కొడుకా, మెడ."
వాడి మెడ మీద చెయ్యి వేసింది,
ఎంత కడిగినా ఆకు మరక పోని చెయ్యి.
"ఇది."
వాడు మళ్లీ చదివాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండో అచ్చులో సరిచేద్దామా తాతా?
పైన ఏదైనా గుర్తు పెడతా, చుక్కో గీతో.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఉండనీ.
పోరనికి కండ్లున్నయ్, ముసలామెకు చెవులున్నయ్.
గుర్తు పెడితివనుకో,
ఆమెనెవలు పిలుస్తరు?"

నిన్న ఇంకో పది కాపీలు కావాలన్నారు.
ఆరోది తీస్తుంటే మిషను వేడెక్కి ఆగింది.
మూత తెరిచి,
కాసేపు సల్లవడనిచ్చాను.