మూడో సైరన్

రాత్రి పదకొండున్నర. చీమకుర్తి కాటా మీద లారీ లేదు.
గదిలో ఫ్యాను, రసీదు పుస్తకం, నేను.
ఫోన్లో నీలం టర్ఫు మీద
నీళ్ళు చిమ్ముకుంటా పరుగెత్తే హాకీ.

కోటు తొడుక్కున్న ఒకాయన మధ్యలో వచ్చి
ఆటలో ఊపు తగ్గిందంటన్నాడు.
జనం ఛానల్ తిప్పేస్తన్నారంట.
ఫీల్డు గోలుకి రెండు లెక్కేద్దామా,
మనుషుల్ని తగ్గిద్దామా,
గోలుపోస్టు ఇంకో అడుగు పెంచుదామా?

పెంచుదామన్న మనిషిని
ఒక్క పూట అందులో నిలబడమనండి.

నేను నిలబడ్డా. ఆరేళ్ళు.
బత్తుల సలోమి, గోల్‌కీపర్, జిల్లా పరిషత్ హైస్కూలు.
కాళ్ళకి కొబ్బరిపీచు పరుపు ముక్కలు,
వాటి మీద కోసిన లారీ ట్యూబు,
దాని మీద జకరయ్య సారు పాత పంచె చింపి కట్టిన ముడి.
బంతి తగిలితే దబ్బుమనేది.
నొప్పి మాత్రం రాత్రికి, పడుకున్నాక వచ్చేది.

రూల్సు మార్చడం మాకు మాత్రం తెలీదా?
బంతి జిల్లేళ్ళలో పడితే వెతికి తెచ్చినోళ్ళదే హిట్టు.
రమీజాకి బూట్లు లేవు, కాబట్టి ఎవరికీ బూట్లు లేవు.
ఇంకోటి ఉంది. అది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

నాలుగుంబావుకి క్వారీలో సైరన్.
మొదటిది మోగితే బంతిని యాడున్నదాన్ని ఆడ వదిలెయ్యాలి.
రెండోదానికి కర్ర కింద పెట్టాలి.
మూడోదానికి చెవులు మూసుకుని
నోరు తెరిచి నిలబడాలి.
తర్వాత కొండ పగిలేది.
నేల వణికి బంతి కొంచెం జరిగేది.
ఎటు జరిగితే అటోళ్ళది.

దర్శి పిల్లలతో ఆడిన రోజు చెరొక గోలు.
నేను పక్కకి పడున్నా, మోకాలు చెక్కుకుపోయి.
బంతి నా చేతికి అందనంత దూరంలో,
గీతకి జానెడు ఇవతల ఆగింది.
కర్రెత్తిన అంకమ్మ
ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది.
మొదటి సైరన్.

ఎంతసేపనుకున్నారు? రెండు నిమిషాలు ఉంటదేమో.
కర్ర దించి నా పక్కనే గొంతుక్కూచుంది.
"నెత్తురొస్తందే" అంది.
"నీ బంతే గదా చేసింది" అన్నా.
ఇద్దరం మళ్ళీ బంతినే చూశాం.
గోడెక్కిన ఊరంతా బంతినే చూసింది.
టీ బంకాయన స్టవ్ ఆపేసి మరీ చూశాడు.
మూడోది మోగింది. ఇద్దరం నోళ్ళు తెరిచాం.

ఎటు జరిగిందో
దర్శిలో ఒకటి చెప్తారు, చీమకుర్తిలో ఒకటి.
జకరయ్య సారు ఏ ఈలా వెయ్యలేదు.
ఈల నోట్లో పెట్టుకుని మర్చిపోయాడంట.

మార్చొద్దని నేననను.
ఆఫ్‌సైడ్ ఎత్తేసినప్పుడు సారు మూడు రోజులు
ఎవరితోనూ మాట్లాడలా.
నాలుగో రోజు మేం ఏడు గోల్సు కొడితే
"పోన్లేమ్మా, బాగానే ఉంది" అన్నాడు, నేలకేసి చూస్తా.
ఆటేం రాతిపలక కాదు.
రాతిపలకలు తూస్తా బతికేదాన్ని,
నాకు ఆ మాత్రం తెలుసు.

కాకపోతే కోటాయన ఊపు కోసం వెతికే చోటే వేరు.
ఆయన సందులన్నీ పూడుస్తన్నాడు.
ఆగిన చోటల్లా బెల్లు కొట్టి తరుముతన్నాడు.
మా ఆటలో అందరూ ఊపిరి బిగబట్టింది
ఎవరూ పరుగెత్తనప్పుడే.
తప్పయితే చెప్పండి. గోల్‌కీపర్ని,
ఆటంతా ఎదురుచూట్టమే నా పని,
అందుకని నాకట్టా అనిపిస్తందేమో.

లారీ వచ్చి కాటా ఎక్కింది. నల్లరాయి, రెండు దిమ్మెలు.
ఫోన్లో ఆఖరి నిమిషం.
బంతి గీత దాటిందా లేదా అని
వీడియో చూస్తన్నారు. అంపైరు చెవి మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.
డ్రైవరు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.
"ఏమైందక్కా?"
"ఉండబ్బాయ్."

రసీదు రాయాలి.
కాటా మీద ఎర్రంకెలు
ఇంకా అటూ ఇటూ ఊగుతన్నాయి.